ఎర్ర నాడా, పచ్చ కాగితము

కేంద్ర ప్రభుత్వ పరిపాలనా సంస్కరణల, ప్రజా ఫిర్యాదుల విభాగపు కార్యదర్శి గారికి నోయిడా నుండి ఒక విశ్రాంత సచివాలయోద్యోగి వ్రాయు బహిరంగ లేఖ

ఆర్యా,

ఆంగ్లేయులు పోవుచు పోవుచు మన రాజధానిలో విడిచిపోయిన పలుకుబడులలో "రెడ్ టేప్" అను దానికున్న చలామణి మరి దేనికిని లేదు. గురుగ్రామమున కార్ఖానా పెట్టదలచినవాడు తనకు అనుమతి రానందుకు దానిని నిందించును. నవంబరు మాసమున జీవన ప్రమాణపత్రము కొరకు బ్యాంకు గుమ్మము ముందర నిలుచున్న పింఛనుదారు తన ఖర్మమునకు దానినే కారణముగా చెప్పును. పత్రికా సంపాదకుడు శీర్షికకు మాట దొరకనప్పుడు దానిని ఆశ్రయించును. మంత్రివర్యులు వేదిక నెక్కి దానిని కత్తిరించివేతుమని ప్రతిజ్ఞ చేయుదురు. హిందీవారు లాల్ ఫీతాశాహీ అందురు. మన తెలుగు పత్రికలు రెడ్ టేపిజమని వ్రాయును. మన పల్లెటూరి రైతు ఆ మాట నెరుగడు గాని, ఫైలు కదలుట లేదనియు, కొర్రీ పెట్టినారనియు, చెప్పులరుగునట్లు తిరిగితిననియు చెప్పి నిట్టూర్చును. వీరందరును తాము ఒకే వస్తువును గూర్చి మాటలాడుచున్నామని తలచుచున్నారు. కేంద్ర సచివాలయమున గుమాస్తాగా ప్రవేశించి సెక్షను అధికారిగా విరమించిన నాకు మాత్రము అట్లు తోచదు. ఆ పలుకుబడి ఒక్కొక్కరి నోట ఒక్కొక్క అర్థముతో వెలువడుచున్నదనియు, వానిలో ఒక వాడుక మీ విభాగము పూనుకొని మాన్పవలసినంత హానికరమైనదనియు విన్నవించుకొనుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

మొదట ఆ నాడాను గూర్చియే నాలుగు మాటలు చెప్పనిండు. లండను నగరపు న్యాయవాదులును, ప్రభుత్వ లేఖకులును తమ పత్రములను చుట్టలుగా చుట్టి ఎర్రని పట్టీతో కట్టుట పదునేడవ శతాబ్దము నాటికే వాడుకలోనున్న ఆచారము. ఎర్రనిదని పేరే గాని దాని చాయ గులాబికి దగ్గర. ఇంగ్లండులో బారిస్టర్ల చేతి కాగితపు కట్టలకు నేటికిని ఆ పట్టీ కానవచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున కార్లైల్, డికెన్స్ వంటి రచయితలు ఆ పట్టీని ఆసరాగా గొని ప్రభుత్వ యంత్రాంగమునంతటిని పరిహసించిరి. 1855-57 నడుమ డికెన్స్ వెలువరించిన 'లిటిల్ డోరిట్' నవలయందు, పనిని జరుగనీయకుండుటయే పరమార్థముగా గల ఒక కార్యాలయము సమగ్రముగా చిత్రింపబడినది. పత్రములను త్రాటితో బంధించుట మనకును క్రొత్త గాదు. మన గ్రామ కరణములు తాటాకులపైనో కడితములపైనో వ్రాసి దాచిన కవిలెకట్టలే గదా, కర్నల్ కాలిన్ మెకంజీ కొలువున కావలి సోదరులు మొదలగువారు గ్రామ వృత్తాంతములను సేకరించిన నాడు కైఫియతులకు ఆధారములైనవి! అయితే ఆ కట్టను విప్పి చూపుటయు, విప్పకుండుటయు కరణము చేతిలోనే యుండెను గనుక రైతు ఆయన అరుగు చుట్టు తిరిగెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పదవులనే రద్దు చేసినది. రైతు తిరుగుట మాత్రము మానలేదు, తిరుగు చోటు మారినది.

1911 డిసెంబరు 12న ఐదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు దర్బారున ప్రకటించిన పిదప, హెర్బర్ట్ బేకర్ రైసినా గుట్టపై లేపిన జంట సౌధములలోనికి ఆ నాడాలును తరలివచ్చినవి. మా కాలమున ఫైలనగా అట్టకు రెండు భాగములు: కుడివైపున వచ్చిపోయిన ఉత్తరములు, ఎడమవైపున నోటు వ్రాయు ఆకుపచ్చ కాగితము. మీ విభాగము ప్రచురించు కార్యాలయ విధాన సంపుటమును మేము మాన్యువల్ అనెడివారము; అందులో, రెండు ఫైళ్ళను జతపరచునప్పుడు క్రింది ఫైలు నాడాను పై ఫైలు చుట్టు కట్టవలెననియు, పై ఫైలు నాడాను మాత్రము దాని అడుగున, కొస లాగినంతనే ఊడివచ్చు ముడిగా వేయవలెననియు ఒక నియమము కలదు. తొలినాళ్ళలో ఆ వాక్యమును చదివి, ముడి వేయుటకు సైతము శాసనమా యని మేము నవ్వుకొనెడివారము. తరువాతి కాలమున, దీక్షగా వేసిన పీటముళ్ళను గోళ్ళు నొచ్చునట్లు విప్పవలసి వచ్చినప్పుడెల్ల, ఆ నియమమును వ్రాసిన అజ్ఞాత మహానుభావునికి మనస్సులోనే నమస్కరించితిని. ఆ సంపుటముననే మరియొక నియమము: క్రింది ఉద్యోగి వ్రాసిన నోటు పై అధికారికి నచ్చకున్నచో, తన అభిప్రాయమును దాని క్రింద వ్రాసికొనవలెను గాని, దానిపై వేరొక కాగితమును అంటించి కప్పివేయుట తగదు. ఎవరు ఏమనిరి, ఏ తేదీన అనిరి, ఎవరు కాదనిరి అనునది సంతకములతో సహా ఆ పచ్చ కాగితముపై నిలిచియుండును. జనపథమునందలి జాతీయ పురాలేఖనాగారమున నేడు చరిత్రకారులు దుమ్ము దులిపి చదువుకొనుచున్నది ఇట్టి కాగితములనే. వారెవ్వరును నాడాను తిట్టగా నేను వినలేదు.

ఇక ఆ పలుకుబడి వాడుకలను చూతము. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణల చట్టము క్రింద, ఒకడు కార్ఖానా పెట్టుటకే గాక, ఉన్నదానిని విస్తరించుటకును, క్రొత్త వస్తువును తయారు చేయుటకును ఢిల్లీ నుండి లైసెన్సు పొందవలసి యుండెను. పొందిన పరిమితిని మించి ఉత్పత్తి చేయుట కూడ తప్పిదమే. బొంబాయి, కలకత్తా, మదరాసు నగరముల కంపెనీలు ఉద్యోగ్ భవన్ వరండాలలో తిరుగుటకే ప్రత్యేకముగా మనుషులను జీతమిచ్చి ఢిల్లీలో నిలుపుకొనెడివి. ఆ వ్యవస్థను రెడ్ టేప్ అనుట మాటకు తగిన వాడుక. ఏలయనగా అక్కడ నాడా ఏ బలహీనుని రక్షణకును కట్టబడినది కాదు, ఇచ్చువాని ఇష్టమునకే కట్టబడినది. దానిని విప్పినవాడు మన తెలుగువాడే. 1991 జులై 24న, పరిశ్రమల శాఖను తనయొద్దనే ఉంచుకొనిన ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు గారి ప్రభుత్వము పార్లమెంటు ముందుంచిన పారిశ్రామిక విధాన ప్రకటన, 18 పరిశ్రమలకు తప్ప తక్కినవానికి లైసెన్సు అక్కరలేదనెను. ఆనాటి సాయంకాలము బడ్జెటు ప్రసంగమే అందరి నోటను నానుటవలన, ఈ ప్రకటన రావలసినంత గగ్గోలు లేకుండగనే వచ్చిపోయినది, పి. వి. గారికి గగ్గోలు లేకుండుటయే ఇష్టమని ఎరిగినవారు దానికి ఆశ్చర్యపడలేదు.

ఆ విజయము పలుకుబడికి ఒక ప్రతిష్ఠను తెచ్చిపెట్టినది. ప్రతిష్ఠతోపాటు అతివ్యాప్తియు వచ్చినది. నాటినుండి, దారికి అడ్డు వచ్చిన ప్రతి నియమమును రెడ్ టేప్ అని పిలిచి కత్తెర చేతబట్టుట ఈ నగరమున మర్యాద అయిపోయినది. మనవారు వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకొను శాసనమును చూడుడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించుటచే ఏర్పడిన ఆ శాసనము, షెడ్యూల్డు ప్రాంతములందలి భూమి గిరిజనేతరుల పాలగుటను నిషేధించుచున్నది. విశాఖ మన్యమున అనంతగిరి మండలపు కొండలలో గనుల కౌళ్ళను గూర్చి సమత అను సంస్థ సుప్రీం కోర్టు దాక వచ్చి పోరాడగా, 1997 జులైలో ఆ న్యాయస్థానము, ప్రభుత్వము కూడ ఆ శాసనమునకు కట్టుబడినదేననియు, ప్రభుత్వ భూమినైనను అచట గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు కౌలుకిచ్చుట చెల్లదనియు తీర్పు చెప్పినది. గనుల కంపెనీకి అది రెడ్ టేప్. నిమ్మలపాడు గిరిజనునకు అదే తన పొలమునకు మిగిలిన ఒకే ఒక కంచె. హెర్బర్ట్ కాఫ్‌మన్ అను అమెరికా పండితుడు 1977లో రెడ్ టేపును గూర్చియే ఒక పుస్తకము వ్రాసి, ఒకనికి విఘ్నముగా తోచిన విధానము మరియొకనికి రక్షణయై యుండునని నిరూపించినాడు. ఆ పుస్తకమును చదువకయే మా సెక్షనులోని ముసలి దఫేదారు ఆ సంగతి నెరిగియుండెను. 2014లో ప్రధానమంత్రి టోక్యో నగరమున పెట్టుబడిదారులకు ఎర్ర నాడాకు మారుగా ఎర్ర తివాచీ పరచుదుమని చెప్పినప్పుడు నాకు కలిగిన సందేహ మొక్కటే: తివాచీపై నడచి వచ్చువారు కొందరే, నాడా మాత్రము అందరిది. పరచుటకు ముందు, దాని క్రింద ఎవరి పొలమున్నదో చూచువా రెవరు?

ఈ రెండు వాడుకలును పెద్దలవి. పేదవాని వాడుక వేరు. మా తెలుగువారికి ఈ ఢిల్లీ నగరమున విశేషముగా సంప్రాప్తించు ఒక చిక్కును చెప్పెదను. రామకృష్ణపురము మొదలు మయూర్ విహార్ వరకు ఏ తెలుగు ఇంటి తలుపు తట్టినను ఇట్టి కథ ఒకటి దొరకును. మాకు ఇంటిపేరు ముందు, అసలు పేరు పిమ్మట. ఇంటిపేరును పొడి అక్షరముగా కుదించుట మా అలవాటు. ఇచటి దరఖాస్తులేమో మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అని మూడు గళ్ళు గీసి యుంచును. నా ఎరుకలోని ఒక వృద్ధురాలు, ఎనుబది దాటినది, కేంద్ర ప్రభుత్వోద్యోగి భార్య. భర్త పింఛను ఉత్తరువులో ఆమె పేరు రెండు పొడి అక్షరములతో ఉన్నది. ఆధారులో ఆ అక్షరములు విడివడి మూడు మాటలైనవి. ప్యాను కార్డు పొడి అక్షరముల నొప్పుకొనదు గనుక అందులో ఇంటిపేరు చివరికి పోయినది. భర్త గతించెను. కుటుంబ పింఛను కొరకు వెళ్ళగా, ఈ మువ్వురు స్త్రీలును ఒకరే అని రుజువు చేయుమనిరి. ఒకరు ప్రమాణపత్రము తెమ్మనిరి, తెచ్చెను. ఒకరు రెండు పత్రికలలో ప్రకటన వేయించి, సివిల్ లైన్సులోని ప్రచురణల విభాగము ద్వారా భారత గెజెటులో పేరు మార్పు అచ్చొత్తించుమనిరి. మార్చుకొనని పేరును మార్చుకొంటినని ఎట్లు వ్రాయుదునని ఆమె అడిగెను. అది న్యాయమైన ప్రశ్నయే గాని, దానికి ఉత్తరమిచ్చు గడి ఏ దరఖాస్తులోను లేదు. ఒక వేసవియు, ఒక వానకాలమును గడచినవి. ఇందులో ఎవరును చేయి తడుపుమని అడుగలేదు, ఎవరును కసురుకొనలేదు, ప్రతివారును తమ నియమమును తాము పాటించిరి. కావుననే ఎవరిని నిందింపవలెనో ఆమెకు తెలియక, మనుమని నోట విన్న మాట పట్టుకొని "ఏదో టేపట, నాయనా, దాని మూలమున ఆగినదట" అని నాతో చెప్పెను.

కడకు ఆ పని ఎట్లయినదో వినుడు. ఒక చిన్న అధికారి ఫైలును మొదటినుండి చదివి, దంపతుల ఉమ్మడి ఛాయాచిత్రము పింఛను కాగితములలోనే ఉన్నదనియు, పుట్టిన తేదీ మూడింటను ఒక్కటియే అనియు, కావున గుర్తింపు స్థిరపడినట్లేననియు రెండు పంక్తుల నోటు వ్రాసి, క్రింద తన సంతకము, హోదా, తేదీ ఉంచెను. పైవారు ఒప్పుకొనిరి. ఆయన ఏ నియమమును కత్తిరింపలేదు. ఏ ప్రత్యేకాధికారమును చలాయింపలేదు. ముడి యెక్కడ పడినదో వెదకి కొస లాగెను. ఆ కాగితములన్నియు అంతకుముందు చూచినవారి ముందరను ఉండినవే.

నా అభ్యంతరమంతయు ఆ ముదుసలి నోటికి అందిన వాడుకకే. మా ఆలస్యములను, మా అశ్రద్ధలను, మా భయములను ఒక నాడా మీదికి నెట్టి తప్పించుకొనుట మేము, అనగా ఉద్యోగులము, నేర్చిన విద్య. లోకము మమ్ములను తిట్టుటకు కనిపెట్టిన మాటను మేమే ఆశ్రయముగా జేసికొంటిమి. "ఏమి చేయుదుము, రెడ్ టేప్" అని ఒక జాయింటు సెక్రటరీ పెదవి విరిచినచో, ఆ పెదవి వెనుక ఏ ఫైలు ఎన్నాళ్ళు ఎవరి బల్లపై నున్నదో ఎవరును అడుగరు. నాడా తనంతట తాను ముడిపడదు గదా! ముడివేసినవాడు ఎవడో చెప్పనక్కరలేకుండ చేయుటయే నేడు ఈ పలుకుబడికి కలిగిన ప్రధాన ప్రయోజనము.

మీ విభాగము చేసిన మేలులను నేను విస్మరింపలేదు. ఇంటర్మీడియటు మార్కుల నకలుపై గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకము కొరకు తెలుగు కుర్రవాండ్రు సర్కారు క్వార్టర్ల చుట్టు తిరిగి, పొరుగింటి అండర్ సెక్రటరీని ఆదివారము నిద్రలేపిన దినములు నేనెరుగుదును. స్వయం ధ్రువీకరణ చాలునని మీరు 2013లో శాఖలన్నిటికిని వ్రాసి, మరుసటి యేట అది అమలగునట్లు చూచుటతో, నేడు ఓల్డ్ రాజేంద్ర నగరున సివిల్ సర్వీసులకు చదువు పిల్లలు ఆ సంగతి చెప్పినచో పురాణమువలె వినుచున్నారు. నిర్ణయమునకు ఫైలు నాలుగు మెట్లకు మించి ఎక్కరాదని మీరు 2021లో పట్టినదియు మంచి పట్టే.

కాని ఈ-ఆఫీసు వచ్చిన పిదప జరిగినదానిని కొంచెము నిదానించి చూడవలసియున్నది. నాడా మాయమైనది, అట్టయు పోయినది. తెరపై పసుపు నోటు, ఆకుపచ్చ నోటు అని రెండు విధములు. పసుపు నోటు చిత్తుప్రతి; దానిని దిద్దవచ్చును, తీసివేయవచ్చును. ఆకుపచ్చ నోటు స్థిరపడిన పిదప కదలదు. అనగా, నచ్చని అభిప్రాయము పసుపురంగులో నుండగనే మందలించి మాన్పించుటకు ఇప్పుడు కాగితము అంటింపనక్కరలేదు. వెనుకటి గుమాస్తా భిన్నాభిప్రాయము పచ్చ కాగితముపై ఆయన చనిపోయిన పిదపకూడ నిలిచియుండెను. నేటివాని అభిప్రాయము మధ్యాహ్న భోజనము వరకైనను నిలుచునన్న నమ్మకము లేదు. ఇక, 2007 నుండి నడచుచున్న మీ ఫిర్యాదుల వేదికలో ఫిర్యాదును 21 దినములలో తేల్చవలెనని 2024లో మీరు గడువు తగ్గించితిరి. గడువు తగ్గుట సంతోషమే. అయితే గడువు లోపల తేల్చుటకును, గడువు లోపల మూసివేయుటకును గల భేదము ఫిర్యాదీకి తెలిసినంత స్పష్టముగా లెక్కలకు తెలియదు. తగు చర్యకై సంబంధిత శాఖకు పంపబడినది అను ఒక్క వాక్యముతో మూతపడిన ఫిర్యాదులు మా కాలనీ ఉద్యానవనమున ఉదయము నడచు వృద్ధులలో పలువురి చేతిఫోనులలో ఉన్నవి. అప్పీలు చేయవచ్చుననుట నిజమే. తనకు వ్యతిరేకముగా ఏ కారణము చెప్పబడినదో తెలియనివాడు దేనిపై అప్పీలు చేయును?

సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12న అమలులోనికి వచ్చిన తొలినాళ్ళలో, ఫైలుపై వ్రాసిన నోట్లు ప్రజలకు చూపదగిన సమాచారము కాదని సిబ్బంది శాఖ వాదించినది; 2006 జనవరిలో కేంద్ర సమాచార కమిషను ఆ వాదమును త్రోసిపుచ్చినది; ఆ జులైలో మంత్రివర్గము నోట్లను మినహాయించు సవరణకు పూనుకొని, ప్రజల ఆందోళనవలన వెనుకకు తగ్గినది. ఈ నగరమున నేను చూచిన సంఘర్షణలలో, ఒక పచ్చ కాగితము కొరకు పౌరులు వీథికెక్కుట అదియొక్కటే. వారికి కావలసినది నాడాను కత్తిరించుట కాదు, కట్ట విప్పి చూపుట. ఆ చట్టపు నాలుగవ సెక్షను, మొదటి ఉపవిభాగము, డి ఖండమున, పరిపాలనా నిర్ణయమునకు గురియైన వ్యక్తికి దాని కారణములను తెలుపవలెనని స్పష్టముగా నున్నది. ఎవరును దరఖాస్తు పెట్టకుండగనే, పది రూపాయల రుసుము చెల్లింపకుండగనే, ప్రభుత్వము తనంతట తాను నెరవేర్పవలసిన విధియది.

కావున నా ప్రార్థన ఇది. మీ వేదికలో ఏ ఫిర్యాదైనను మూసినప్పుడు, ఏ నియమము క్రింద మూసినారో, ఆ నియమమును ఫిర్యాదీ సంగతికి వర్తింపజేసిన కారణమేమో, ఆ నిర్ణయము వ్రాసిన అధికారి పేరేమో మూడును లేనిదే మూత పడకుండునట్లు యంత్రమునకు నేర్పుడు. పసుపు నోటును తీసివేసినచో, తీసివేసినవారి పేరును తేదీయును మిగులునట్లు చేయుడు. కార్యాలయ విధాన సంపుటమును ఇకమీద సవరించునప్పుడు, నాడాలు లేవు గదా యని ఆ ముడి నియమమును తీసివేయుదురేమో. వలదు, చదివి నవ్వుకొనుటకైనను ఉండనిండు. సాధ్యమైనచో, మూడు గళ్ళ దరఖాస్తుల స్థానమున పూర్తి పేరునకు ఒకే పొడవైన గడిని పెట్టించుడు. దక్షిణాది విధవరాండ్రు పలువురు మీకు ఋణపడియుందురు.

ఈ లేఖకు ప్రత్యుత్తరము వచ్చునన్న ఆశ నాకు కలదు. వచ్చినచో దానిపై ఫైలు సంఖ్య, తేదీ, వ్రాసినవారి పేరు, హోదా ఉండునట్లు చూడగోరెదను. తగు చర్యకై సంబంధిత శాఖకు పంపబడినది అను వాక్యము మాత్రము నాకు వలదు. అట్టివానిని నేను నా సర్వీసులో కావలసినన్ని వ్రాసియున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత సెక్షను అధికారి,
నోయిడా